కాలు పెట్టి చూసే మనిషి

ఆ వారమంతా డ్రైవరు నోట ఒకటే పాట. టైర్లు పోయాయి, టైర్లు మార్చాలి. పొద్దున పళ్ళు తోముకుంటూ నురగ నోటితోనే అదే మాట, భోజనానికి కూర్చుంటే అదే మాట. అడిగినవాళ్ళకి చెప్పాడు, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పాడు. చివరికి భార్య చేతిలో గరిటె పక్కన పడేసి, "మీ టైర్ల గోలతో నా చెవులు చిల్లులు పడుతున్నాయి. వెళ్ళి కొనుక్కోండి, నన్ను బతకనివ్వండి" అనేదాకా వచ్చింది వ్యవహారం.

నిజానికి టైర్లకి పెద్దగా ఏమీ కాలేదు. అంచుల దగ్గర కాస్త అరిగాయి, అంతే. ఇంకో వానాకాలం నిక్షేపంగా లాగేస్తాయి. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు డ్రైవరే. తెలుసు కనకనే అంతగా గొంతు చించుకుంటున్నాడు. ఒకదాన్ని దాచుకోవాలనుకున్న మనిషి ఇంకోదాని గురించి ఊరంతా చాటుతాడు. ఈ పని చేసినవాళ్ళలో ఈయన మొదటివాడేం కాదు.

పోయింది కుడి పాదం.

చూడ్డానికి బాగానే ఉంది. నడుస్తుంది, మెట్లెక్కుతుంది, కోపం వస్తే తలుపుని తంతుంది కూడా. కానీ తన కింద ఏముందో చెప్పడం మానేసింది. గచ్చయినా, గులకరాయైనా, బ్రేకు పెడలైనా దానికి అన్నీ ఒకటే. బొటనవేలి దగ్గర మొదలైన మొద్దుదనం చడీచప్పుడు లేకుండా మడమ దాకా పాకింది. ఎడమ పాదం కూడా ఆ దారే పట్టింది గానీ, అది ఇంకా కాస్త చెప్పిన మాట వింటోంది.

ఇదే ఇంకెవరికైనా అయితే కాళ్ళకి మెత్తటి బూట్లు తొడుక్కుని, మందులు మింగుతూ బతికేసేవాళ్ళు. ఈయనకి ఆ వీలు లేదు. ఈయన పేరే ఉత్తకాళ్ళ డ్రైవరు.

ఆ పేరు వెనక పెద్ద కథేం లేదు. వయసులో ఉన్నప్పుడు ఒక పాత లారీ మీద క్లీనరుగా చేరాడు. దాని బ్రేకు పెడలు మీద రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. చెప్పులు వేసుకుని తొక్కితే ఇనుము మీద జర్రున జారేవి. డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో చెప్పులు విప్పి తొక్కడం అలవాటైంది. అలవాటయ్యాక తెలిసింది, బండి మాట్లాడేది చెవులతో కాదు, అరికాళ్ళతోనని. ఏ చక్రం కింద గులకరాయి నలిగిందో, ఏ బోల్టు వదులైందో, రోడ్డు తడిగా ఉందో పొడిగా ఉందో, అన్నీ కింద నుంచి పైకి వచ్చేవి. ఒకసారి ఎవరో పెద్ద అధికారులు వస్తున్నారని బలవంతాన బూట్లు తొడిగించారు. నత్తనడకన వెళ్తూ వెళ్తూ గేటు స్తంభానికి గుద్దేశాడు. దిగి బూట్లు విప్పి ఆ అధికారుల ఎదుటే వెనక సీట్లోకి గిరాటేశాడు. ఆ తర్వాత బూట్ల మాట ఎత్తినవాడు లేడు.

లారీలు వదిలేసి సొంతంగా జీపు కొనుక్కున్నాక ఆయన జీవితమంతా ఆ కొండ దారే. కింద ఊళ్ళో మొదలై సగం దాకా తారు రోడ్డు. తర్వాత తారు అయిపోతుంది, రాళ్ళు మొదలవుతాయి. ఆ తర్వాత ఒక వాగు. వాగు దాటాక పలకరాయి మలుపు. ఏటవాలుగా పరుచుకున్న ఒకే ఒక్క పెద్ద బండ అది, పక్కన ఊట నీరు కారుతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా తడే. అవతల లోయ. పైన నాలుగు చిన్న ఊళ్ళు, ఒక బడి, ఒక ఆసుపత్రి. ఆసుపత్రి అంటే మూడు గదులు, ఒక నర్సు. ఆ నర్సు ఈయన కోడలే. రోజూ పొద్దున మామగారి జీపులో పక్క సీట్లో కూర్చుని మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. వెనక సీట్లలో జ్వరాలవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కోళ్ళ బుట్టలు, ఎవరు చెయ్యి ఊపితే వాళ్ళు. "ఆయన బండిలో నిద్రపోతూ దిగొచ్చు" అని పైవాళ్ళు అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా డ్రైవరు విననట్టు మొహం పెట్టేవాడు, లోపల మాత్రం అరచేతి మందాన పొంగేవాడు.

ఆ పొగరుకి తోడు ఇంకోటుంది. టైర్లు. కొండ ఎక్కే బండికి టైరు కొనాలంటే చుట్టుపక్కల డ్రైవర్లందరూ ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. "బాబాయ్, ఒకసారి కాలు పెట్టి చూడవా" అని బతిమాలేవారు. దుకాణంలో టైరుని గోడకి ఆనించి నిలబెడితే, ఈయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, చెప్పు విప్పి, ఉత్త పాదం దాని మీద ఆనించి, వేళ్ళు ఆ గాడుల్లోకి దూర్చి, కళ్ళు మూసుకునేవాడు. ఇది రాళ్ళని నోట్లో పెట్టుకుని వదలదు, వద్దు. దీని రబ్బరు గిడ్డంగిలో పడుండి బిగుసుకుపోయింది, వద్దు. ఇది తీసుకో. అంతే, తీర్పు అయిపోయినట్టే. ఆ తీర్పు మీద ఎవరూ పైకోర్టుకి వెళ్ళింది లేదు.

అలాంటి పాదం మాట పడిపోయింది.

మొదట్లో నవ్వులాటగానే గడిచింది. ఒకరోజు బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలీదు. "అదెవరికి దానం చేసొచ్చారు?" అని భార్య పడీ పడీ నవ్వింది, ఈయనా నవ్వాడు. షుగరు ఉందని డాక్టరు చెప్పి ఏళ్ళయింది. మాత్రలు గుర్తొస్తే వేసుకుంటాడు, టీలో పంచదార మాత్రం ఏనాడూ మర్చిపోడు. ఒంటి చెప్పుకీ షుగరుకీ ముడి పెట్టాలని ఆయనకి తోచలేదు. తోచినా పెట్టుకునేవాడు కాదు.

నవ్వులాట ఆగిపోయింది మాత్రం పిన్నుతో. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి భార్య మంచం చివర కూర్చుని ఉంది. ఆమె వేళ్ళ మధ్య ఒక గుండుపిన్ను, కొన దగ్గర నెత్తురు.

"మీ మడమలో ఉందండీ ఇది. తల దాకా దిగిపోయింది. లాగాను. మీరు కదల్లేదు."

"నిద్రలో ఉన్నాను కదే."

"పడుకోకముందు ఇల్లంతా తిరిగారు కదా. గుమ్మం దాకా వెళ్ళి పాలవాడితో కొట్లాడి కూడా వచ్చారు." ఆమె పిన్నుని చూస్తూనే అంది. "పిల్లి కాల్లో ముల్లు గుచ్చుకున్నా కుంటుతుందండీ."

"నేను పిల్లినా? ఒక పిన్నుకి ఇంత రాద్ధాంతం! అసలు ఆ టైర్ల సంగతి చూడకపోతే..." అంటూ లేచి బయటికి వెళ్ళిపోయాడు. టైర్ల పాట మొదలైంది ఆ పూటే. మర్నాటి నుంచి భార్య ఇల్లు రోజుకి రెండుసార్లు ఊడవడం మొదలెట్టింది.

ఆ తర్వాత పలకరాయి మలుపు దగ్గర జరిగింది అసలు సంగతి. సాయంత్రం దిగుతున్నారు. వెనక ఒక ముసలమ్మ జ్వరంతో మూలుగుతోంది, ఆమె మనవరాలు ఆమె ఒళ్ళో. బండ మీదకి రాగానే బ్రేకు తొక్కాడు. తొక్కానని అనుకున్నాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. అయినా ఆగలేదు. అప్పుడు ఆయన జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. రోడ్డు మీద నుంచి కళ్ళు తీసి కిందికి చూశాడు. పాదం పెడలు పక్కన ఉత్త రేకుని తొక్కుతోంది. ఒంట్లో బలమంతా పెట్టి మరీ తొక్కుతోంది. చేత్తో మోకాలు పట్టుకుని ఆ కాలిని ఎత్తి పెడలు మీద పడేశాడు. చక్రాలు బిగుసుకుపోయి బండి పక్కకి జారి, అంచున పేర్చిన రాళ్ళకి తగిలి ఆగింది. ఒక రాయి దొర్లి లోయలోకి పోయింది. అది కింద ఎక్కడో తగిలిన చప్పుడు అందరూ విన్నారు.

"దరిద్రపు టైర్లు!" అని అరిచాడు డ్రైవరు.

కోడలు ఒళ్ళోంచి జారిన మందుల పెట్టెని పైకి తీసుకుంది. మలుపులో డ్రైవరు తన కాలి వంక తాను చూసుకోవడం ఆమె చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు. ఇల్లు చేరేదాకా ఇద్దరి మధ్యా ఇంజను తప్ప ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు ఆమె మెల్లగా కదిపింది. "మామయ్యా, ఆదివారం మీ పాదాలు ఒకసారి చూస్తాను. అయిదు నిమిషాల పని."

"నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంటమ్మా, బాగోదు" అన్నాడు. ఉన్నట్టుండి పెద్దరికం ముంచుకొచ్చింది ఆయనకి.

"పైన ఊళ్ళలో అందరి కాళ్ళూ పట్టుకునేది నేనే కదా."

"వాళ్ళు వేరు. ముందు టైర్లు మార్చనీ. టైర్లు మారిస్తే అన్నీ సర్దుకుంటాయి."

"సరే. అయితే కొనే రోజు నేనూ వస్తాను" అంది.

వద్దనడానికి ఆయనకి సాకు దొరకలేదు. మనసులో ఇంకో ఆశ కూడా ఉంది. సిగ్గుపడాల్సిన ఆశ, ఎవరికీ చెప్పుకోలేనిది. దుకాణంలో స్టూలు మీద కూర్చుని కొత్త టైరు మీద కాలు పెడితే పాదం మళ్ళీ పలుకుతుందేమోనని. ఇంట్లో గచ్చు మీద పలక్కపోతే పోయింది, టైరుని గుర్తు పట్టకుండా ఉంటుందా? ఏళ్ళ తరబడి చేసిన పని కదా. పలికితే ఇదంతా ఏదో నీరసం అనుకోవచ్చు. పలక్కపోతే ఏమిటన్నది ఆయన ఆలోచించలేదు. ఆలోచన అక్కడిదాకా వచ్చినప్పుడల్లా లేచి జీపు తుడవడానికి వెళ్ళిపోయేవాడు. పాపం ఆ జీపు అంతకుముందెప్పుడూ అంత శుభ్రంగా లేదు.

టైర్ల దుకాణం లోపలికి అడుగు పెట్టగానే కొత్త రబ్బరు వాసన మొహానికి కొడుతుంది. రెండు పక్కలా పైకప్పు దాకా టైర్ల దొంతరలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. మూల కంప్రెషరు దడదడలాడుతుంటుంది, పక్కన పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి. దుకాణందారు డ్రైవరుకి చిన్ననాటి స్నేహితుడు, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. మనిషి భారీగా ఉంటాడు. దొంతరల మధ్య దారిలో ఆయన నిలబడితే ఇంకెవరూ వెళ్ళలేరు.

ఆ రోజు బయట ఇంకో జీపు జాకీల మీద ఎక్కి ఉంది. అది హారను అని అందరూ పిలిచే కుర్ర డ్రైవరుది. మలుపు ఉన్నా లేకపోయినా హారను మీద నుంచి చెయ్యి తియ్యడు కనక ఆ పేరు. కొండ మీద బడి పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడు. దుకాణం మెకానిక్కు వాడి బండికి కొత్త టైర్లు ఎక్కిస్తున్నాడు. ముందువి రెండూ అయిపోయాయి, వెనకవి మిగిలాయి.

"రా బావా, రా! అమ్మాయి కూడా వచ్చిందే! అయితే ఇవాళ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బేరం చెయ్యాలి" అన్నాడు దుకాణందారు. స్టూలు తెప్పించాడు. కోడలికి కుర్చీ వేయించాడు. "ఏం కావాలి? అసలు నీకు నేను చెప్పడమేంటి, నవ్విపోతారు."

"చెప్పు బావా. అమ్మాయి వింటుంది."

చెప్పమంటే దుకాణందారు ఆగేవాడు కాదు. "చూడమ్మా. మామూలు రోడ్డు టైరుకి గాడులు సన్నం. తారు మీద చప్పుడు లేకుండా పోతుంది, రాళ్ళ మీద మాత్రం దాని పక్కలు చీరుకుపోతాయి. ఇదిగో, ఇది బురద టైరు. బొడిపెలు చూడు, ఎంతెంత ఉన్నాయో. బురదని దున్నిపారేస్తుంది. కానీ తడి బండ మీద ఆ పెద్ద బొడిపెలకి పట్టు తక్కువ, తారు మీద పెళ్ళివారి బ్యాండులా మోత. మీ దారిలో తారూ ఉంది, రాయీ ఉంది, వాగూ ఉంది, అన్నిటికంటే మించి ఆ పాచి పట్టిన బండ ఉంది. అందుకని అన్ని దారులకీ పనికొచ్చే ఈ ఆల్ టెర్రైన్. బొడిపెలు మధ్యస్థం, వాటి మీద మళ్ళీ సన్నటి చీలికలు. తడి మీద ఆ చీలికలే పట్టుకుంటాయి. కానీ రబ్బరు మెత్తగా ఉంటేనే సుమా. పాతబడి బిగిసిందంటే చీలికలున్నా దండగే, సబ్బుబిళ్ళ మీద నడిచినట్టే."

చెబుతూనే మూడు టైర్లు గోడకి ఆనించాడు. ఒకటి బురదది, రెండు ఆల్ టెర్రైన్‌వి. ఆ రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, నిగనిగలాడుతూ కవలల్లా ఉన్నాయి.

ఇది వాళ్ళిద్దరి మధ్య పాత ఆట. డ్రైవరు వచ్చినప్పుడల్లా దుకాణందారు మంచి టైరు పక్కన పాతబడి బిగుసుకుపోయిన టైరు ఒకటి పెడతాడు. పొలాల్లో మెల్లగా తిరిగే ట్రాలీలకి అమ్మడానికి అలాంటివి ఒక వరస ఎప్పుడూ ఉంటాయి. దానికి నల్ల పాలిషు పూసి, తయారైన తేదీ మీద సుద్ద రాసి, "చెప్పు చూద్దాం" అంటాడు. డ్రైవరు కాలు పెడతాడు, చెబుతాడు. ఓడినవాడు టీ తాగించాలి. దుకాణందారు తాగించని రోజు ఇంతవరకూ లేదు.

హారను చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. మెకానిక్కు కూడా స్పానరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఉచితంగా దొరికే వినోదం ఎవరు వదులుకుంటారు?

డ్రైవరు కుడి చెప్పు విప్పాడు. బురద టైరు మీద కాలు పెట్టి, "ఇది నాకొద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. అది కళ్ళున్న ఎవడైనా చెబుతాడు. తర్వాత మొదటి ఆల్ టెర్రైన్ మీద పాదం ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ లేదు.

కాలు గాల్లో ఉన్నా అంతే, గోడ మీద ఉన్నా అంతే. వేళ్ళు గాడుల్లోకి దిగాయో లేదో తెలీదు. గట్టిగా నొక్కాడు. మోకాలికి తెలిసింది, తొడకి తెలిసింది, పాదానికి మాత్రం తెలీలేదు. పలుకు, అని లోపల బతిమాలాడు. పలకవే, ఒక్కసారి. చెమట చెంప మీదుగా దిగుతుంటే తుడుచుకోలేదు. రెండో టైరు మీద పెట్టాడు. అదీ అంతే. ఆ నిమిషంలో ఆయనకి అర్థమైపోయింది. నీరసం కాదు, టైర్లు కాదు, ఇంకో వానాకాలం అన్న మాటే లేదు.

కానీ చుట్టూ జనం ఉన్నారు. పరువు అనేది అలాంటప్పుడే గొంతు పట్టుకుంటుంది. కళ్ళు సగం తెరిచి దొంగచూపు చూశాడు. మొదటిది ఎక్కువగా మెరుస్తోంది. అంటే పాలిషు దానికే ఎక్కువ పూశాడన్నమాట, పాతది అదే అయి ఉంటుంది, అని లెక్క వేసుకున్నాడు. రెండో దాని మీద పాదం తట్టి, "ఇది" అన్నాడు. "రబ్బరు వెన్నలా ఉంది. ఆ బండ మీద అంగుళం జారదు."

దుకాణందారు నోరు తెరిచి మూశాడు. "పట్టేశావు బావా" అన్నాడు. "కాలంటే నీదే. టీ చెబుతానుండు."

కోడలు టైరు వంక చూడలేదు. దుకాణందారు మొహం వంకే చూస్తోంది.

"ఆగాగు!" హారను మెకానిక్కు చెయ్యి పట్టుకున్నాడు. "నా బండికి ఎక్కించినవి తీసెయ్యి. నాకూ ఇవే కావాలి. బాబాయ్ కాలు పెట్టి చెప్పాక వేరేవి ఎక్కించుకోవడానికి నాకేమన్నా పిచ్చా? అదిగో, అక్కడ వరసగా ఉన్నాయిగా ఇవే."

"అవి... అవి కుదరవురా" అన్నాడు దుకాణందారు. "ట్రాలీలవాళ్ళకి మాటిచ్చాను."

ట్రాలీ అన్న మాట చెవిన పడగానే డ్రైవరుకి విషయం తెలిసిపోయింది. తను వెన్న అన్నది ఇటుకని. స్నేహితుడు కడుపులో పెట్టుకుని కాపాడుతున్నాడు.

"ట్రాలీలకి ఇంత మంచివెందుకు బాబూ? నేను నీ పాత ఖాతాదారుణ్ణి కాదా? బండినిండా పిల్లలుంటారు నాకు. వాళ్ళకి మంచి టైర్లు వద్దా?" హారను వదిలేలా లేడు. దుకాణందారు నీళ్ళు నములుతూ డ్రైవరు వంక చూశాడు. బావా, ఏదో ఒకటి చెప్పి వీణ్ణి వదిలించు అన్నట్టుంది ఆ చూపు.

చెప్పొచ్చు. వాటి సైజు నీ బండికి సరిపడదురా అంటే నమ్ముతాడు. ఈ పూటకి గడిచిపోతుంది. అసలు ఏమీ చెప్పకపోయినా బావ ఎలాగో తప్పించేస్తాడు బహుశా. ఇంకో వారంలో ఇంకెవడో వచ్చి, బాబాయ్ ఒకసారి కాలు పెట్టవా అంటే ఏదో సాకు చెప్పొచ్చు బహుశా. రేపు పొద్దున మలుపులో పాదం సరిగ్గా పెడలు మీదే పడుతుంది బహుశా. ఇన్నాళ్ళుగా బండిని ఈ బహుశా మీదే నడిపాడు. దాని పక్క సీట్లో కోడల్ని కూర్చోబెట్టాడు.

"ఒరేయ్, అవి వద్దు" అన్నాడు.

"అదేంటి బాబాయ్, ఇప్పుడే కదా..."

"నేను చెప్పింది తప్పు. అది బిగుసుకుపోయిన పాత టైరు. బావకి తెలుసు. నా కాలికే తెలీలేదు." ఒక్కసారి మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చాయి. "ఇవాళ కాదు, ఎప్పటినుంచో తెలియట్లేదు. బ్రేకు ఎక్కడుందో కూడా తెలియట్లేదు. మలుపులో బండి జారింది టైర్ల వల్ల కాదు."

హారను పగలబడి నవ్వాడు. "భలేవాడివి బాబాయ్! నాకు ఆ టైర్లు దక్కకూడదని ఎన్ని వేషాలు వేస్తున్నావు! అన్నీ నువ్వే కొనేసుకుందామనే కదా?" మెకానిక్కూ నవ్వాడు. దుకాణందారు మాత్రం నవ్వలేదు. ఉత్తకాళ్ళ డ్రైవరు పాదానికి తెలియకపోవడమేంటి? అలాంటి మాట ఎవరు నమ్ముతారు? ఆయన ఏం చెప్పినా నమ్మడం వాళ్ళకి అలవాటైపోయింది, ఆయన గురించి ఆయన చెప్పిన నిజాన్ని తప్ప.

డ్రైవరుకి కోపం వచ్చింది. ఇంతకాలం దాచినదాన్ని ఇంత కష్టపడి బయట పెడితే జోకనుకుంటారా? కుడి కాలు ముందుకి చాపి, ఉత్త పాదం నేల మీద పెట్టాడు.

"నువ్వు బూట్లు వేసుకున్నావుగా. తొక్కు."

"ఏంటి బాబాయ్..."

"నా పాదం మీద నీ బూటు పెట్టి తొక్కు. నేను కళ్ళు మూసుకుంటాను. బలమంతా పెట్టి తొక్కు. అబద్ధమైతే అరుస్తాను కదా." కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "కానియ్యి."

కంప్రెషరు ఆగి ఉంది. నీళ్ళ తొట్టిలో ఎక్కడినుంచో ఒక చుక్క పడింది. డ్రైవరు కుర్చీ కిర్రుమనడం విన్నాడు, కోడలు లేచిందని అర్థమైంది. ఆయన ఎదురుచూశాడు. ఒక పక్క అవమానం, ఇంకో పక్క పిచ్చి ఆశ. బూటు పడగానే ప్రాణం పోయేంత నొప్పి పుడితే బాగుండునని, అందరి ముందూ చిన్నపిల్లాడిలా అరిచి ఏడిస్తే బాగుండునని.

"ఊఁ, తొక్కరా. ఎంతసేపు? భయమా?"

ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"తొక్కమంటుంటే!"

"మామయ్యా" అంది కోడలు. ఆమె గొంతు చాలా దగ్గర నుంచి వచ్చింది. "కళ్ళు తెరవండి."

తెరిచాడు. హారను ఆయన ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. వాడి బూటు ఆయన పాదం మీద ఉంది. రెండో కాలు నేల మీద లేదు. ఒంటి బరువంతా ఆ ఒక్క బూటు మీదే పెట్టి, పడిపోకుండా దుకాణందారు భుజం పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో ఆయన్నే చూస్తున్నాడు.

"ఎప్పుడు పెట్టావురా?" అని అడిగాడు డ్రైవరు.

వాడు మెల్లగా దిగాడు. పాదం మీద బూటు అచ్చు ఎర్రగా, నిలువు గీతలతో సహా పడి ఉంది. కోడలు అక్కడే నేల మీద కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బాగోదు అని ఆయన ఈసారి అనలేదు. ఆమె చేతులు వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో ఆయనకి తెలియదు. చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి జేబులోంచి జీపు తాళం తీసి స్టూలు మీద పెట్టాడు.

"రేపటి నుంచి అమ్మాయిని నువ్వు తీసుకెళ్ళరా" అన్నాడు హారనుతో. "ముందు సీట్లోనే కూర్చోబెట్టు. వెనక కూర్చుంటే తనకి కడుపులో తిప్పుతుంది."